నూట పన్నెండో పాట ఎవరిది?

ఆ రోజుల్లో నా లెక్క ప్రకారం లోకంలో రెండు రకాల వస్తువులే ఉండేవి. కొనుక్కున్నవి, దేవుడిచ్చినవి. చెప్పులు, రైలు పాసు, సెల్‌ఫోను మొదటి రకం. ఎండ, వాన, సాయంత్రం సముద్రం వైపు నుంచి ఎలాగో దారి వెతుక్కుని మా చూలై పేట సందుల్లోకి కూడా వచ్చే గాలి, ఆదివారం మా సంఘంలో పాడే పాటలు రెండో రకం. ఈ రెండో రకానికి కూడా ఒక మనిషి సొంతదారుగా ఉండవచ్చని, ఆ మనిషిని అడిగి తీసుకోవాలని, అడిగినట్టు కాగితం ఉండాలని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేదాన్ని కాదు. ఇరవై రెండేళ్ళ వయసు, చేతిలో సిరా కూడా ఆరని డిగ్రీ, సండే స్కూలు వాక్య పోటీల్లో వరసగా ఏడేళ్ళు మొదటి బహుమతి (మధ్యలో ఒక ఏడాది రెండో బహుమతి వచ్చింది గానీ అప్పుడు నాకు జ్వరం, అది లెక్కలోకి రాదు). ఇంక నాకు తెలియనిది ఏముంటుంది?

మా సంఘం ఒక లేత్ వర్క్‌షాపు మేడ మీద, రేకుల కప్పు కింద ఉంటుంది. మా నాయన వారమంతా కింద ఇనుము తిప్పి, ఆదివారం అవే మెట్లెక్కి పైన తప్పట్లు కొట్టేవాడు. మా దగ్గర పాట పుట్టే పద్ధతి ఒకటుంది. సాక్ష్యాలు చెప్పే సమయంలో ఎవరో ఒకరు లేచి, "ఈ వారం ప్రభువు నాకొక పాట ఇచ్చినాడు" అంటారు. ఒకసారి పాడతారు. రెండోసారి అందరం అందుకుంటాం. ఆ పాట మూడు ఆదివారాలు నిలబడితే పాస్టరమ్మ దాన్ని నోట్‌బుక్కులో ఎక్కించి, ఏడాదికోసారి అందరికీ జిరాక్సు తీయిస్తుంది. అందులో పాటకు నంబరు ఉంటుంది, పాట తెచ్చినవాళ్ళ పేరు ఉండదు. పేరు వేసుకోవడం మాలో మర్యాద కాదు. "ఉత్తరం తెచ్చిన పోస్టుమాను కింద తన సంతకం పెడతాడా?" అనేవారు పాస్టరయ్య. అలా పేరు లేకుండా పెరిగిన పాటల్లో నూట పన్నెండోది నాకు ప్రాణం. అది ఇస్త్రీ అవ్వకు వచ్చిన పాట. మా వీధి మొదట్లో తోపుడు బండి మీద బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసే అవ్వ, తన పెనిమిటి పెద్దాసుపత్రిలో పడి ఉన్న నెలలో ఒంటరిగా బండి దగ్గర నిలబడి పాడుకున్నది. తాత లేచి నడిచి ఇంటికొచ్చాడు, పాట మేడెక్కి సంఘానికొచ్చింది.

నా మొదటి ఉద్యోగం మైలాపూరులో. పార్క్ టౌన్‌లో రైలెక్కితే ఇరవై నిమిషాలు కూడా పట్టదు. పిల్లల కోసం ఫోనులో ఆడుకునే ఆటలు తయారుచేసే ఆరుగురి కంపెనీ. పిల్లవాడు తెర మీద ఎక్కడ తాకితే ఏ శబ్దం రావాలి, ఎంతసేపు రావాలి, తప్పు చేస్తే ఎలా వినిపించాలి అన్నది చూడటం నా పని. ఆరు నెలల ప్రొబేషన్. ఆ ఉద్యోగం కోసం మా అమ్మ మూడు శుక్రవారాలు ఉపవాసం ఉంది కనుక అది పోవడమనే మాట మా ఇంట్లో ఎవరి ఊహలోనూ లేదు. పైగా నాకిచ్చిన మొదటి ఆట ఏమిటనుకున్నారు? సండే స్కూలు పుస్తకాలు వేసే ఒక సంస్థ కోసం, తప్పిపోయిన గొర్రెపిల్లను కొండలూ వాగులూ దాటించి ఇంటికి చేర్చే ఆట. ఇది దైవ నిర్ణయం కాక మరేమిటని ఆదివారం సాక్ష్యం కూడా చెప్పాను.

గొర్రెపిల్ల వాగు దాటితే మా అమ్మ స్టీలు డబ్బా మూత తీసిన శబ్దం పెట్టాను. దారి తప్పితే మా నాయన గొంతు సవరించుకునే శబ్దం (చిన్నప్పటి నుంచి నేను దారి తప్పినప్పుడల్లా నాకు వినిపించింది అదే). నడుస్తున్నంతసేపూ వెనకాల నూట పన్నెండో పాట. ఆరాధనలో ఫోను ఒళ్ళో పెట్టుకుని రికార్డు చేసి, కత్తిరించి, అయిపోగానే మళ్ళీ మొదలయ్యేలా గుండ్రంగా కలిపాను. గొర్రెపిల్ల ప్రతి అడుగూ ఆ పాట తాళానికే కట్టాను. నాలుగు నెలల పని. నాకే ముద్దొచ్చేది.

ఆట అప్పగించడానికి ఒక వారం ముందు మా టీమ్ లీడు అక్క (మైలాపూరులోనే పుట్టి పెరిగిన తమిళావిడ, అద్దాల మీద నుంచి చూసిందంటే ఫోను కూడా సైలెంటు అయిపోతుంది) శబ్దాల పట్టిక నింపి పంపమంది. శబ్దం పేరు, ఆటలో ఎక్కడ వస్తుంది, హక్కుదారు ఎవరు, అనుమతి ఎలా దొరికింది, హక్కుదారు చిరునామా. నేను ప్రార్థించి, నిజాయితీగా నింపాను. పది నిమిషాల్లో అక్క నన్ను పిలిచింది. మా మాటలన్నీ తమిళంలోనే జరిగాయి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"ఎన్నమ్మా ఇదు? పాట హక్కుదారు: ప్రభువైన దేవుడు. అనుమతి: ప్రార్థనలో. చిరునామా: అంతటా. నాతో ఆటలాడుతున్నావా?"

"లేదక్కా. అది ఆయనిచ్చిన పాటే."

"సెరి. మరి ఆయన సంతకం ఎప్పుడొస్తుంది?"

"ఆయన ఎప్పుడొచ్చేదీ ఎవరికీ తెలియదక్కా" అన్నాను. వేళాకోళానికి కాదు. ప్రభువు రాకడ ఎప్పుడని అడిగితే మాలో చిన్నపిల్లలు కూడా చెప్పే జవాబు అది. అక్క అద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. కోపం వచ్చిందనుకున్నాను. నవ్వు ఆపుకోవడానికని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

తర్వాత కూర్చోబెట్టి చెప్పింది. పాట కట్టినవాళ్ళకు కట్టిన క్షణం నుంచే దాని మీద హక్కు ఉంటుందట, ఏ ఆఫీసులోనూ రాయించుకోనక్కర్లేదట. కట్టినవాళ్ళకొక హక్కు, పాడినవాళ్ళకు ఇంకొకటి. నాకు భయం కంటే ముందు ఆశ్చర్యం వేసింది. మరి మూత శబ్దం ఎవరిది? మూతదా, అమ్మదా? గొంతు సవరించుకోవడం పాట కాదు కదా, దానికీ హక్కుందా? "దానికి హక్కుందో లేదో, అడగడం మర్యాద. నువ్వు చెప్పకుండా రికార్డు చేశావు" అంది అక్క. ఇంకా అడగబోతుంటే చెయ్యి ఎత్తింది. "కాగితం లేని శబ్దం బయటికి పోదు. పాట తీసేద్దామంటే నువ్వు అడుగులన్నీ దాని తాళానికే కట్టావు, ఆట మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి, అంత టైము లేదు. శుక్రవారంలోపు ఆ పాట కట్టిన మనిషి సంతకం తే. లేకపోతే నీ ప్రొబేషన్ కాగితం మీద నేనేం రాయాలో నువ్వే చెప్పు."

ఆ సాయంత్రం ఇంట్లో విషయం చెబితే మా నాయన ముఖం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగింది. "నా గొంతుకు కాగితమా? యాడమ్మా, యాడ పెట్టాల సంతకం?" అని, చేతులకున్న గ్రీసు సబ్బుతో కడుక్కుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ పెట్టాడు. "ఊరికే ఇస్తా ఉండాను. కానీ ఆ పిల్లలకు నేను కోపిష్టోణ్ణని చెప్పబాక." మా అమ్మ మాత్రం, "ఆ డబ్బా మా అమ్మ ఇచ్చింది, ఆమెను గూడా అడగల్లనేమో" అని ఒక పూట నన్ను కంగారు పెట్టి, తర్వాత తనే పెట్టింది. బుధవారం సాయంత్రం ప్రార్థన కూటానికి వచ్చినవాళ్ళంతా వరసలో నిలబడి పాడినవాళ్ళుగా సంతకాలు చేశారు. నేను రికార్డు చేసిన ఆదివారం ఎన్నూరులో చుట్టాలింటికి పోయి ఉన్న అత్త కూడా చేసింది. "అత్తా, నువ్వు ఆ రోజు లేవు గదా" అంటే, "ఉంటే పాడేదాన్నే గదమ్మే" అంది. ఆ వాదానికి ఏ చట్టంలో జవాబుందో నాకిప్పటికీ తెలియదు.

సంతకం పెట్టనన్నది ఒక్కరే. ఎవరిది కావాలో ఆవిడ. ఇస్త్రీ అవ్వ.

"నాదని ఎట్ట పెట్టేది మే? నేనేమన్నా కూచోని రాస్తినా? పెట్టె తోస్తా ఉండాను, అది వచ్చె. అంతే దా. ఆయనిచ్చిన దాన్ని నాదని కాగితం మీద పెడితే, రేపు ఆయన మొగం ఎట్ట చూసేది?"

"అవ్వా, నీ సంతకం లేకపోతే నా ఉద్యోగం పోతాది."

అవ్వ చేతిలోని చొక్కా పక్కన పెట్టి నా తల మీద చెయ్యి వేసింది. "పావం బిడ్డ. నీ ఉద్యోగం కోసరం దినామూ ప్రార్థన చేస్తాను. అబద్ధం మాత్రం చెప్పించబాక."

నాకు ఏడుపొచ్చింది. అంతకంటే ఇబ్బంది ఏమిటంటే ఆవిడ చెప్పింది నేను నమ్మే మాటే. ఏడేళ్ళు బహుమతులు తెచ్చుకుంది ఆ మాటలు అప్పజెప్పే కదా. పాస్టరయ్యను తీసుకొచ్చాను. ఆయన నా వైపే మాట్లాడారు. "అమ్మా, లేఖనంలో కీర్తనల పైన చిన్న అక్షరాల్లో చూడు, ఎవరు రాసినదో పేరుంటది. గొర్రెలు కాసుకుని రాజైన ఆయనకే పేరు పెట్టుకునేదానికి అభ్యంతరం లేకపోతే నీకేంది?" పోస్టుమాను సంగతి ఆయన ఆ క్షణానికి మరిచిపోయారు, నేనూ గుర్తు చేయలేదు. అవ్వ శ్రద్ధగా విని, "ఆయన రాజు అయ్యా" అంది. "దినానికి నూరు కాగితాల మీద సంతకం పెట్టే చెయ్యి. ఆ అలవాటున పెట్టుంటాడు. నాకా అలవాటు లేదే." పాస్టరయ్య తన ఆదివారం జుబ్బా ఇస్త్రీకి ఇచ్చి వెళ్ళిపోయారు.

గురువారం ఆఫీసులో ఇదంతా చెప్పాను. అక్క కోప్పడలేదు, కుతూహలంగా వింది. "మా ఇంట్లోనూ పాడేది సామి పాటలే. అయినా కట్టినాయన చివరి చరణంలో తన పేరు కలిపేస్తాడు. మా అమ్మమ్మ ఆ పేరు వచ్చిన చోట దణ్ణం పెట్టుకునేది. మీకు పేరు వేసుకుంటే తప్పు. ఇద్దరిదీ భక్తే!" అంది. తర్వాత బ్యాగు తీసుకుని లేచింది. "పద. ఆ పాట్టీని, మీ అవ్వను, నేను చూడాలి."

మేము వెళ్ళేసరికి అవ్వ బండి మీద పాస్టరయ్య జుబ్బా పరిచి ఉంది. "వాంగమ్మా" అని అక్కను పలకరించి, ఇస్త్రీ ఆపకుండానే, నా చేతిలో కాగితం చూసి తల అడ్డంగా ఊపింది. అక్క కాగితం మాటే ఎత్తలేదు. "పాట్టీ, ఈ పిల్ల చేసిన ఆట మీరింకా చూడలేదంట కదా. ఒకసారి వినండి" అని తన ఫోను బండి అంచున నిలబెట్టింది. అప్పటిదాకా అవ్వకు ఆట చూపించాలని నాకు తట్టనే లేదు. ఆవిడ పాట తీసుకున్నాను, ఆవిడ సంతకం అడిగాను, చేసినదేమిటో చూపించలేదు.

గొర్రెపిల్ల నడక మొదలుపెట్టింది. మా సంఘమంతా ఫోనులో పాడుతోంది. *బొగ్గు మండె పెట్టెలోన, నా గుండె మండె లోన.* అవ్వ ముఖం విప్పారింది, పెట్టె ఉన్న చెయ్యి పాటతో పాటు కదిలింది. *చల్లార్చ వచ్చినావా నా యేసయ్యా.* జుబ్బా చెయ్యి మీద పెట్టె పొడుగ్గా జారింది. *మడతలు పడ్డ నా బతుకు,* అంటూండగా అవ్వ పెట్టె పైకెత్తి, ఎడమ చేత్తో గుడ్డ తిప్పబోయింది. ఫోనులో పాట మాత్రం ఆగకుండా *సాపు చేసినావయ్యా* అనేసింది. అవ్వ చెయ్యి కంగారుపడి పాటను అందుకోబోయి, సగం తిరిగిన గుడ్డ మీద దిగింది. పాస్టరయ్య జుబ్బా చేతికి రెండు మడత గీతలు పడ్డాయి, రైలు పట్టాల్లా.

అవ్వ జుబ్బాను చూడలేదు. ఫోను వంక చూసింది, మాట వినని మనవణ్ణి చూసినట్టు. "ఏమ్మే! ఈడ ఆగల్ల గదా! ఆగలేదే!"

"అవ్వా, ఆడ కొంచెం ఖాళీ ఉండె" అన్నాను. "ఆటలో సద్దు ఆగిపోతే పిల్లలు ఫోను చెడిపోయిందనుకుంటారు. అందుకని ఖాళీ కత్తిరించినా."

"ఖాళీనా? ఖాళీ అని ఎవురు చెప్పినారు నీకు? ఆడ నేను గుడ్డ తిప్పల్ల!"

ఊహ తెలిసినప్పటి నుంచి నేను ఆ చోట ఆగుతున్నాను. నలభై మందిమి, తంబురీను సహా, ఊపిరి బిగబట్టి ఆగుతాం. అది భక్తితో వచ్చిన మౌనమని నా నమ్మకం. ఆ నిశ్శబ్దంలో పరిశుద్ధాత్మ మనతో ఏం మాట్లాడతాడు అన్న దాని మీద పాస్టరయ్య ఒక ఆదివారం ముప్పావు గంట ప్రసంగం కూడా చేశారు. అవ్వ ముందు వరసలో కూర్చుని ఆ ప్రసంగానికి ఆమెన్ చెప్పింది కూడా. గుడ్డ తిప్పడానికని ఒక్క ముక్క అనలేదు.

అక్క బండి మీదికి వంగింది. "పాట్టీ, ఒక్క మాట. ఆ ఆగడం ఎవరు పెట్టింది? దేవుడా, మీరా?"

అవ్వ ఆలోచనలో పడింది. నిజంగానే ఆలోచించింది. బొగ్గులు చల్లారిపోతాయేమోనన్నంత సేపు. "దేవుడెందుకు పెడతాడమ్మా? ఆయనకేమన్నా గుడ్డ తిప్పే పనా? అది నేను పెట్టుకుందే."

"అంటే అది మీది."

"అది నాదే."

"ఈ పిల్ల మిమ్మల్ని అడక్కుండా దాన్ని తీసి పారేసింది."

"పారేసింది గదా!" అంది అవ్వ. ఆవిడ గొంతులో మొట్టమొదటిసారి ఒక సొంతదారు వినిపించింది. నావైపు తిరిగి, "దాన్ని మళ్ళీ పెట్టు మే" అంది.

"పెడితే గొర్రెపిల్ల తాళం తప్పుతాదవ్వా."

"దాన్ని గూడా ఆగమను. కొండలెక్కతా ఉండాది, దానికి కాళ్ళు నొప్పెట్టవా?"

అక్క నావైపు చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది. నాలుగు నెలలుగా నేను తెలుసుకోలేకపోయిన సంగతిని బండి దగ్గర నిలబడి ఒక్క మాటలో చెప్పేసింది అవ్వ. ఆగితే ఫోను చెడిపోయిందనుకోవడం తెర మీద ఏమీ కదలనప్పుడు కదా. గొర్రెపిల్ల నిలబడి తల తిప్పి వెనక్కి చూస్తే, పిల్లలూ ఆగుతారు.

కాగితం అక్కడే, జుబ్బా పక్కన, అవ్వ చెబుతుండగా నేనే తెలుగులో రాశాను. "మాటలు, రాగం ప్రభువు ఇచ్చినవి. అవి మొదట నా నోట వచ్చినాయి, అది నిజం. మధ్యలో ఆగేది నాది. దాన్ని తియ్యకుండా ఈ ఆటలో పెట్టుకోవచ్చు. ఇంకెందులోనన్నా పెట్టుకోవాలంటే మళ్ళీ వచ్చి అడగాల." చివరి వాక్యం నేను నేర్పింది కాదు, అక్క నేర్పింది కాదు. ఆవిడే అంది. అవ్వ ఒక్కొక్క అక్షరమే దిద్దుతూ సంతకం చేసింది. అక్క ఆ కాగితాన్ని మా కంపెనీ కాగితాలు చూసే వకీలుకు ఫోనులో చదివి వినిపించింది. ఆయన రెండోసారి చదివించుకుని, ఇంత నిక్కచ్చిగా రాసే మనిషి ఎవరని అడిగాడట.

ఆ రాత్రీ మర్నాడూ కూర్చుని గొర్రెపిల్లను ఆపాను. శుక్రవారం సాయంత్రానికి ఆట వెళ్ళింది, నేను ఉద్యోగంలో మిగిలాను.

ఆదివారం సాక్ష్యాల సమయంలో అవ్వ లేచింది. "ఈ బిడ్డ నా దగ్గర సంతకం పెట్టించుకుందిరా అయ్యా. నేను దేవునిది ఏమీ ఇయ్యలేదు. గుడ్డ తిప్పేది మాత్రం ఇచ్చినాను" అంది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, అయినా అందరూ స్తోత్రం అన్నారు. రైలు పట్టాల జుబ్బాలో ఉన్న పాస్టరయ్య నూట పన్నెండు అని నంబరు చెప్పారు. తంబురీను అందుకుంది. నేను కళ్ళు మూసుకుని, కృతజ్ఞతతో, గొంతెత్తి పాడాను. మడతలు పడ్డ నా బతుకు అన్నాం అందరం. నాలుగు నెలలు ఆఫీసులో రోజుకు వందసార్లు కత్తిరించిన పాటే వినీ వినీ దానికే అలవాటుపడ్డ నా నోరు ఊరుకుంటుందా? నలభై మంది ఆగిన చోట, రేకుల కప్పు కింద నా గొంతు ఒక్కటే ఖంగుమంది: "సాపు చేసినావయ్యా!"

కళ్ళు తెరిచాను. ముందు వరసలోంచి అవ్వ మెల్లగా వెనక్కి తిరిగి చూసింది. ఆ పక్కనుంచి మా నాయన గొంతు సవరించుకున్నాడు.

ఇది జరిగి పదేళ్ళు దాటింది. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళు తెచ్చే శబ్దాలకు కాగితాలు అడిగేది నేనే, వాళ్ళు అద్దాల మీద నుంచి చూసే నా చూపుకు భయపడతారని కూడా విన్నాను. కానీ ఒక్కోసారి, పనేమీ లేని మధ్యాహ్నాల్లో, ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల గుర్తొస్తుంది. అందరూ ఆగిపోయిన చోట, తనకు అన్నీ తెలుసన్న ధైర్యంతో, కళ్ళు మూసుకుని ఒంటరిగా పాడుతూ. వెళ్ళి ఆపాలని మాత్రం ఎప్పుడూ అనిపించలేదు.